లేని రిబ్బన్

అమెరికాలో ఓక్లాండ్ దగ్గరున్న డబ్లిన్‌లో కొత్తగా కాపురం పెట్టిన తెలుగు ఆడవాళ్ళకి ముందుగా రెండు అడ్రస్‌లు చెబుతారు. ఒకటి గుడిది, రెండోది గిరిజ గరాజ్‌ది. గుడికి ఏడాదికోసారి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు గానీ, ఫాల్ లేకుండా పట్టుచీర కట్టేవాళ్ళు లేరు. అందుకని గిరిజ ఇంటి ముందే కార్లు ఎక్కువగా ఆగేవి. చీర అడుగు అంచుకి లోపలివైపు కుట్టే ఆ బెత్తెడు గుడ్డ ఎవరికీ కనపడకూడదు. కనపడిందంటే కుట్టినవాళ్ళ తప్పే. అలాంటి కనపడని పనిలో ఇరవై ఆరేళ్ళు కూర్చుని గిరిజ నలుగురిలో పేరు తెచ్చుకుంది.

ఆ గరాజ్‌లో కారు ఏనాడూ నిలబడలేదు. మధ్యలో కుట్టుమిషన్, గోడ పొడుగునా దారపు రీళ్ళు, సొరుగుల్లో రంగురంగుల ఫాల్ గుడ్డలు. రంగు కలిపి చూడాలంటే మాత్రం ఆవిడ లోపల చూసేది కాదు. చీర పట్టుకుని డ్రైవ్‌వేలోకి వచ్చేది, ఎండలో పరిచేది, నాలుగు రీళ్ళు పక్కన పెట్టి చూసేది. ట్యూబ్‌లైట్ అబద్ధాలకోరు అని ఆవిడ నమ్మకం. "లోపలిదేగా ఆంటీ, ఏదో ఒక రంగు వేసెయ్యండి" అన్న పాపానికి ఒకమ్మాయికి చీర మడిచి తిరిగి ఇచ్చేసింది కూడా. ఆ రంగుల పట్టింపు పుట్టింటి నుంచి వచ్చింది. పెడనలో వాళ్ళది కలంకారీ అచ్చులు వేసే ఇల్లు. నడవడం వచ్చినప్పటి నుంచి ఆవిడ రంగునీళ్ళలోనే తిరిగింది.

భర్త దామోదర్ స్కూల్ బస్ నడిపి మూడేళ్ళ క్రితం రిటైర్ అయ్యాడు. ఎడమచేతివాటం మనిషి. చిన్నప్పుడు వాళ్ళమ్మ కొట్టి కొట్టి అన్నం మాత్రం కుడిచేత్తో తినేలా చేయగలిగింది, మిగతావన్నీ ఎడమచేత్తోనే. రిటైర్ అయ్యాక గిరిజ కుట్టిన చీరల్ని ఇంటింటికీ తీసుకెళ్ళి ఇచ్చే పని ఆయనే పైన వేసుకున్నాడు. వెళ్ళిన చోటల్లా కాఫీ తాగి, ఒక ఇంటి కబురు ఇంకో ఇంట్లో చెప్పి, మధ్యలో లైబ్రరీ దగ్గర ఆగి వాకింగ్ చేసి వచ్చేవాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. రాజారావు గారి షుగర్ ఎంతుందో వాళ్ళావిడ కంటే ముందు ఊరికి తెలిసిందంటే అది దామోదర్ చలవే.

పోయిన వసంతంలో జయంతి కూతురు ఆద్య అరంగేట్రం జరిగింది. తల్లి కట్టుకోవడానికి వంగపండు రంగు కంచిపట్టు చీర గిరిజ దగ్గరికే వచ్చింది. ఆ రెండు వారాలూ దామోదర్‌ని కోర్టులో జ్యూరీ డ్యూటీకి ఓక్లాండ్ పిలిచారు కాబట్టి చీర తీసుకెళ్ళడానికి జయంతే వచ్చింది. అరంగేట్రం బాగా జరిగింది. వీడియోలో మాత్రం జయంతి స్టేజి ఎక్కి గురువుగారికి దండం పెట్టినప్పుడు, ఆ పెద్ద లైట్ల కింద, కుచ్చిళ్ళ దగ్గర కాఫీ రంగు కుట్లు వరసగా చుక్కలు పెట్టినట్టు కనిపించాయి. నడుస్తుంటే లోపల కాఫీ రంగు గుడ్డ తొంగి చూసింది. ఎవరో ఆ ఫొటో వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారు. ఇంకెవరో గిరిజ ఆంటీకి ఏమైంది పాపం అని రాశారు.

జయంతి మంచి మనిషి. వాళ్ళందరి మీదా విసుక్కుని, చీర తనే తీసుకొచ్చి, వెలుతురు తక్కువున్నప్పుడు చూసి ఉంటారు ఆంటీ అని మెల్లగా చెప్పింది. గిరిజ చీరని డ్రైవ్‌వేలోకి తీసుకొచ్చింది. మిట్టమధ్యాహ్నం, నెత్తి మీద ఎండ. ఆవిడ చీరని చూసింది, ఫాల్‌ని చూసింది. మళ్ళీ చూసింది. రెండూ ఒకే రంగులో ఉన్నాయి.

డాక్టర్ రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని చెప్పింది. కంటికి గోధుమరంగు తెర అడ్డం పడ్డట్టేనని, నీలం నలుపులా, వంగపండు కాఫీలా కనిపించడం మామూలేనని, ఆపరేషన్ కంటికి అరగంట పనేనని చెప్పింది. గిరిజ తల ఊపి ఇంటికొచ్చి గరాజ్ తలుపు దించేసింది. ఆపరేషన్‌కి డేట్ బుక్ చేయలేదు. దామోదర్ రోజూ అడిగేవాడు, ఆవిడ రోజూ చూద్దామనేది. ఆవిడ భయపడింది కత్తికి కాదు. శుక్లం ఒక్కరోజులో ముదరదు. మరి ఎన్నాళ్ళుగా తను తప్పు చూస్తోంది? ఎన్ని చీరలు తప్పు రంగుతో వెళ్ళాయి? ఎంతమంది పెద్దదని జాలిపడి, కట్టుకుని, నోరు మూసుకున్నారు? ఇరవై ఆరేళ్ళ పేరులో ఎంత నిజం, ఎంత జాలి అన్న ఒక్క ప్రశ్న ఆవిడని తినేసింది. కళ్ళు బాగైతే ఆ తప్పులన్నీ కళ్ళారా చూడాల్సి వస్తుంది. అంతకంటే ఈ తెరే నయమనిపించింది.

మూడు నెలలు అలా గడిచాక ఎదురింటి సంహిత వచ్చింది. సంహితకి ఇరవై ఆరేళ్ళు. వాళ్ళమ్మా నాన్నా ఆఫీసుల నుంచి వచ్చేదాకా ఈ గరాజ్‌లో గుండీలు ఏరుతూ పెరిగింది. గిరిజని మీరు అనడం దానికి ఎప్పటికీ రాలేదు, గిరిజ నేర్పనూ లేదు. ఇప్పుడు దగ్గర్లోని పాత రైల్వే ఊళ్ళో ఒక చిన్న సినిమా మ్యూజియంలో పనిచేస్తోంది. రెండు డిగ్రీలు చదివి కుళ్ళిన ఫిల్మ్ వాసన చూసే ఉద్యోగమేమిటని తల్లిదండ్రుల బాధ. అడిగినవాళ్ళకి మీడియాలో ఉందని చెబుతారు.

సంహిత చేతిలో పెద్ద కవరుంది. అందులో ఫొటోలు. ఎవరో చనిపోయిన ప్రొజెక్టర్ ఆపరేటర్ ఇంట్లో ఒక ఫిల్మ్ చుట్ట దొరికిందట. నూటపాతికేళ్ళు దాటి ఉంటుందని అంచనా. పేరు లేదు, తీసినవాళ్ళెవరో తెలియదు. ఒక ఆడమనిషి సున్నం వేసిన గోడ ముందు నిలబడి పెద్ద గౌను తిప్పుతూ నాట్యం చేస్తుంది, అంతే, రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ రంగుల్లో ఉంది.

అప్పట్లో రంగులెక్కడివే అంది గిరిజ. తన చిన్నప్పుడే సగం సినిమాలు నలుపూ తెలుపూ. సంహిత తనకొచ్చిన తెలుగులో, రానిచోట ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది. సినిమా పుట్టిన ఒకటి రెండేళ్ళకే జనం రంగు అడిగారు. కెమెరాకి రంగు పట్టడం రాదు. అందుకని తీసిన ఫిల్మ్ మీద చేత్తో రంగు వేయించారు. తపాలా బిళ్ళంత కూడా లేని బొమ్మ, సెకనుకి పదహారు బొమ్మలు, రెండు నిమిషాలకి రెండు వేలు. పెద్ద గదుల్లో ఆడవాళ్ళు వరసగా కూర్చుని, భూతద్దం కింద, వెంట్రుకంత కుంచెతో ఒక్కో బొమ్మకీ రంగు దిద్దేవాళ్ళు. తర్వాత రంగుకో రేకు కత్తిరించి దాని మీదుగా అద్దారు. ఆ తర్వాత ఫిల్మ్ ముక్కల్నే రంగులో ముంచారు. రాత్రయితే నీలం, దీపం వెలుగైతే పసుపు, ఇల్లు తగలబడితే ఎరుపు. ఇంకొన్నాళ్ళకి ఎరుపూ ఆకుపచ్చా మాత్రమే పట్టే కెమెరాలు వచ్చాయి, వాటిలో ఆకాశం ఏనాడూ సరైన నీలంగా పడలేదు. మూడు రంగులూ కుదరడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. అంతదాకా తెర మీద రంగంటే ముందు ఆ ఆడవాళ్ళ చెయ్యే. వాళ్ళలో చాలామంది పేర్లు ఎక్కడా లేవు.

సంహిత గొడవ ఏమిటంటే, దాని బాస్ ఈ రంగులు అసలువి కావంటాడు. తర్వాతెప్పుడో ఎవరో ఇంట్లో సరదాకి పూశారని, కాబట్టి రంగులు తీసేసి నలుపు తెలుపులోనే బాగుచేద్దామని అంటాడు. ఆయన దగ్గర గట్టి ఆధారమే ఉంది. గౌను పసుపు, నడికట్టు ఎరుపు. ఆ నడికట్టు నుంచి ఒక ఎర్ర రిబ్బన్ గాల్లో ఎగురుతుంది. రంగు పలచటిది కాబట్టి కింద ఉన్న ఫొటో కనిపిస్తుంది. ఆ ఫొటోలో రిబ్బన్ లేదు. లేని రిబ్బన్‌కి రంగు వేసేవాళ్ళు పనివాళ్ళు ఎలా అవుతారు? శుక్రవారం కమిటీ కూర్చుంటుంది.

"నువ్వు ఒకసారి చూడు ఆంటీ, ప్లీజ్. నీకు రంగులు తెలుసు కదా."

"నా కళ్ళ మాట నేనే నమ్మడం లేదమ్మా. ఇంకెవరినైనా అడుగు," అంది గిరిజ.

సంహిత బతిమాలలేదు. కవరు కుట్టుమిషన్ మీద పెట్టేసి వెళ్ళిపోయింది. గిరిజని బాగా ఎరిగిన పిల్ల అది.

మర్నాడు ఉదయం పదింటికి గరాజ్ తలుపు మూడు నెలల తర్వాత పైకి లేచింది. గిరిజ పదేసి ఫిల్మ్ బొమ్మలున్న అరవై ఫొటోలు డ్రైవ్‌వేలో వరసగా పరిచి, గాలికి లేవకుండా ఒక్కోదాని మీద దారపు రీలు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుంది. రంగు పేరు తెలియనక్కర్లేదని కాసేపటికే అర్థమైంది. లేత రంగొకటి, ముదురు రంగొకటి, అంతవరకూ ఆవిడ కళ్ళకి చాలు. మిగతాదంతా చేతిపని. చేతిపని ఆవిడకి తెలుసు.

సంహిత వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. గిరిజ లేవకుండానే చూపించింది. లేత రంగు నాలుగైదు బొమ్మల్లో పలచబడుతూ వచ్చి ఒక్కసారి చిక్కబడుతుంది, అక్కడ కుంచె మళ్ళీ ముంచారు. ముదురు రంగు కూడా అలాగే, కానీ వేరే చోట్ల. కుంచె పైకెత్తిన దగ్గర రంగు చిన్న చుక్కగా నిలబడిపోతుంది. లేత రంగు చుక్క ప్రతిసారీ కుడివైపు, ముదురు రంగు చుక్క ప్రతిసారీ ఎడమవైపు. పైగా లేతదెప్పుడూ కింద, ముదురుదెప్పుడూ పైన. పెడనలో అయినా అంతే. గుడ్డ మొత్తానికి ఒక రంగు వేశాక ఇంకొకరు వచ్చి రెండో రంగు వేస్తారు. ఇంట్లో సరదాకి పూసేవాళ్ళు ఒక బొమ్మ పూర్తిచేసి ఇంకో బొమ్మకి వెళతారు గానీ ఇలా చేయరు.

"ఇద్దరమ్మా," అంది గిరిజ. "రెండో ఆవిడది ఎడమచెయ్యి."

"మన అంకుల్ లాగా," అంది సంహిత నవ్వుతూ. "మరి రిబ్బన్?"

గిరిజ మొదటి ఇరవై ఫొటోలు విడిగా జరిపింది. వాటిలో లేత రంగు గౌను గీత దాటలేదు, రిబ్బనూ లేదు. ఆ తర్వాత ఒకచోట లేత రంగు గీత దాటి గోడ మీదికి కాస్త ఒలికింది. సరిగ్గా అక్కడే ముదురు రంగు రిబ్బన్ మొదలైంది. ఎక్కడెక్కడ కింద తప్పు పడిందో అక్కడక్కడల్లా పైన రిబ్బన్ ఎగిరింది. చివరికి వచ్చేసరికి లేత రంగు బెదిరిపోయి ఎటు పడితే అటు పాకింది. రిబ్బన్ కూడా అంత వెడల్పయింది.

"ఈ పసుపు ఆవిడకి కళ్ళు కనిపించడం లేదమ్మా," అంది గిరిజ. "పక్కనున్న ఆవిడకి ఆ సంగతి తెలుసు. పైవాళ్ళు చూస్తే పనిలోంచి తీసేస్తారని, తప్పు పడిన చోటల్లా రిబ్బన్ వేసి కప్పేసింది. అది బొమ్మలో లేకపోవడం ఆవిడకి తెలియదనుకున్నావా?"

సంహిత ఫొటోల పక్కనే సిమెంటు మీద కూర్చుండిపోయింది. ఆ చివరి మాట ప్రూవ్ చేయలేం ఆంటీ అంది. చేయలేకపోతే మానెయ్, ఇద్దరి చేతులున్నాయని మాత్రం చెప్పు అంది గిరిజ. శుక్రవారం సంహిత అలాగే చెప్పింది. చుక్కలు చూపించింది, ఒలికిన చోట్లు చూపించింది. బాస్ గంటసేపు వాదించి, చివరికి భూతద్దం దించి, రంగులు ఉంచుదాం, రిబ్బన్‌తో సహా అన్నాడు.

ఆ మర్నాటి సంగతి. గరాజ్ తలుపు ఎత్తి ఉండటం చూసి ఉమామహేశ్వరి కారు ఆపింది. పైవీధిలో ఉంటుంది, పాత కస్టమర్. చెప్పు మడమ తగిలి ఫాల్ కాస్త ఊడిందని, కొత్తగా ఏమీ కుట్టక్కర్లేదు, నాలుగు కుట్లు వేసివ్వమని చీర చేతిలో పెట్టింది. గిరిజ విప్పి చూసింది.

"రెండేళ్ళ కిందటి నల్ల చీర కదూ ఇది?"

"నలుపేమిటక్కా, నేవీ బ్లూ. ఫాల్ కూడా అచ్చం అదే రంగు వేశావు. చూసినవాళ్ళంతా ఎవరు కుట్టారని అడుగుతారు."

ఈ చీరకి నల్ల సొరుగులోంచి ఫాల్ తీయడం గిరిజకి బాగా గుర్తుంది. చీరని ఒళ్ళో పెట్టుకుని అంచు వెంబడి వేలు నడిపింది. కింది అంచు ఆవిడ ఎప్పుడూ మిషన్ మీదే కుడుతుంది. ఇక్కడ మిషన్ కుట్టు లేదు. చేత్తో, ఓపిగ్గా, అక్కడక్కడా వంకర పోతూ, దగ్గర దగ్గరగా వేసిన కుట్లు. కుట్టువాలు ఎడమ నుంచి వచ్చింది.

ఉమామహేశ్వరిని పంపించేసి గిరిజ బయట ఆగి ఉన్న కారు దగ్గరికి వెళ్ళింది. దామోదర్ ఇంట్లో నిద్రపోతున్నాడు. డాష్‌బోర్డ్ అర తెరిచింది. రిజిస్ట్రేషన్ కాగితాల వెనక చేతిరుమాల్లో ఒక మూట ఉంది. అందులో కుట్లు విప్పే కొక్కెం, రెండు సూదులు, చవక కళ్ళజోడు, తన గోడ మీంచి ఎప్పుడు మాయమయ్యాయో కూడా తెలియని దారపు రీళ్ళు. లైబ్రరీ దగ్గర వాకింగ్ అంటే ఇదన్నమాట. ఎండలో కారు ఆపుకుని, ఆవిడ తప్పు వేసిన ఫాల్ విప్పి, సరైన రంగు పెట్టి కుట్టి, ఆ తర్వాతే ఆయన చీర అప్పగించేవాడు. నువ్వుగింజ నానని నోట్లో ఈ సంగతి రెండేళ్ళు నానింది. గిరిజ కారు సీట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి మీద ఇంత కొత్తగా ప్రేమ పుడుతుందని ఆవిడ అనుకోలేదు. మూట ఉన్నచోటే పెట్టేసి, లోపలికెళ్ళి, డాక్టర్‌కి ఫోన్ చేసి డేట్ తీసుకుంది. ఆయనకి మాత్రం ఏమీ చెప్పలేదు.

ఫిల్మ్ బాగుచేయడానికి రెండు నెలలు పట్టింది. ఆపరేషన్‌కి ఇంకో వారం ఉందనగా మ్యూజియంలో చిన్న హాల్లో మొదటిసారి వేశారు. మడత కుర్చీలు, మూల ఒక పియానో. గిరిజ, దామోదర్ మూడో వరసలో కూర్చున్నారు. సంహిత ముందుకొచ్చి నాలుగు ముక్కలు మాట్లాడి, చేతివాటాలు కనిపెట్టింది మా గిరిజ ఆంటీ అని ఇంగ్లీషులో చెబితే అందరూ ఆవిడ వైపు తిరిగి చూశారు. లైట్లు ఆరాయి. గోడ ముందు ఆ ఆడమనిషి గౌను తిప్పింది. కాసేపయ్యాక నడుము దగ్గర్నుంచి రిబ్బన్ లేచింది. బొమ్మబొమ్మకీ మారిపోతూ, మంటలా అల్లాడుతూ, మొత్తం తెర మీద అదొక్కటే ప్రాణంతో ఉన్నట్టు ఎగిరింది.

"గిరిజా, ఆ రిబ్బన్ చూశావా? ఎంత బాగుందో," అన్నాడు దామోదర్.

గిరిజ ఆయన ఎడమచెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. చూపుడువేలి కొస మీద సూది గుచ్చుకున్న గరుకు తగిలింది.

"ఏవండీ, రేపట్నించి కార్లో కూర్చోకండి. గరాజ్‌లోకి రండి. నా కళ్ళు బాగయ్యేదాకా రంగు మీరు చెప్పండి, కుట్టు నేను వేస్తాను."

ఆయన చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది.

"ఎలా తెలిసింది?"

"మీ కుట్టు వంకర. ఎన్ని?"

"పదకొండు," అన్నాడు దామోదర్. "జయంతిది ఒక్కటే నాకు అందలేదు."

ఆవిడ ఆ చెయ్యి వదల్లేదు. తెర మీద ఇంకా కొంచెం ఫిల్మ్ మిగిలి ఉంది, ఇద్దరూ చివరిదాకా చూశారు.